మెదడులో రక్తస్రావం అయ్యాక బీపీ పూటకో రకంగా ఉంటే ఇంకో మాత్ర వేయొచ్చా?

మీ అమ్మగారికి మెదడులో రక్తస్రావమై ఇంటికొచ్చి నెల దాటిందన్నారు. డాక్టరుగారు బీపీ 130 లోపు ఉంచమంటే పొద్దున 128, సాయంత్రం 156 వస్తోందని, 150 దాటినప్పుడల్లా అదే మాత్ర ఇంకోటి వేయొచ్చా అని అడిగారు. డాక్టరు చెప్పకుండా వేయొద్దండి. మా నాన్నగారికి ఇదే జబ్బు చేసి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. ఇంట్లో బీపీ చూసి రాసే పని నాదే, కాబట్టి ఆ అనుభవంతో చెబుతున్నాను.

ఆస్పత్రిలో తొలి గంటల్లో బీపీ వేగంగా దించుతారు. సాధారణంగా పై అంకె 140 దగ్గరికి తెచ్చి, 130 నుంచి 150 మధ్య నిలపాలని చూస్తారు. ఇంటికొచ్చాక లెక్క వేరు. 2022 అమెరికన్ స్ట్రోక్ మార్గదర్శకాలు దీర్ఘకాలానికి 130/80ని లక్ష్యంగా పెట్టాయి. మీ డాక్టరు చెప్పిందీ అదే. కానీ అది రోజులో ఏ క్షణాన చూసినా కనిపించాల్సిన అంకె కాదు, వారాలు, నెలల తరబడి సగటున ఉండాల్సింది. దీని మీద అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మెదడు లోతుల్లోని సన్నటి రక్తనాళాల గోడలు ఏళ్ల తరబడి బీపీకి దెబ్బతిని ఒకచోట చిట్లాయంటే, పక్కనున్న నాళాలూ అదే ఒత్తిడిని మోసినవే. 2001లో ఫలితాలు వచ్చిన ప్రోగ్రెస్ అధ్యయనంలో బీపీ మందులు వాడినవాళ్లలో ఈ రక్తస్రావం రకం స్ట్రోక్ దాదాపు సగానికి తగ్గింది.

ఇక మీ 156 దగ్గరికి వద్దాం. మాత్ర గురించి ఆలోచించేముందు ఆ అంకె ఎలా వచ్చిందో చూడండి. స్ట్రోక్ వల్ల ఒక చెయ్యి పడిపోయి ఉంటే దానికి పట్టీ కట్టకండి. కండరాలు బిగుసుకున్న చేతిలో బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, వదులైపోయిన చేతిలో తక్కువ చూపించొచ్చు. బాగున్న చేతికే, ప్రతిసారీ అదే చేతికి చూడండి. చొక్కా, జాకెట్ చేతుల మీద నుంచి కాకుండా చర్మానికే కట్టాలి. పట్టీ చేతికి చిన్నదైతే అంకె అనవసరంగా పెరుగుతుంది. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. మూత్రం ఆపుకొని కూర్చుంటే కూడా పెరుగుతుంది. మా నాన్నగారికి మాత్రం మాట్లాడకుండా కూర్చోవడమే కష్టం. మిషన్ గాలి కొడుతుండగానే "ఎంతొచ్చిందిరా?" అని అడిగేవారు, అడిగిన ప్రతిసారీ అంకె పైకే. ఒక నిమిషం ఆగి, మాట్లాడనివ్వకుండా రెండోసారి చూస్తే తగ్గేది. అందుకే పొద్దున మాత్ర వేయకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి అన్నీ రాస్తాను. వారం అంకెల సగటే డాక్టరుకు పనికొస్తుంది.

ఇంకో మాత్ర ఎందుకు వద్దన్నానంటే, ఉదాహరణకు ఆమ్లోడిపిన్ అందరూ వాడేదే కదా, అది పూర్తిగా పనిచేయడానికే కొన్ని గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటి టెన్షన్‌కి వేసిన మాత్ర అర్ధరాత్రి, ఆవిడ బాత్రూమ్‌కి లేచే వేళకి పని మొదలుపెడుతుంది. తూలి పడి తలకు దెబ్బ తగిలితే అది ఇంకో ప్రమాదం. లేచినప్పుడు కళ్లు తిరుగుతున్నాయంటే పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ బీపీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరుకు తప్పక చెప్పాలి. నాలుక కింద మందు పెట్టి బీపీ దించే పాత పద్ధతి ఎవరైనా చెప్పినా వినకండి, ఒక్కసారిగా పడిపోతే మెదడుకు రక్తం చాలదు. అలాగే బీపీ బాగుందని మాత్ర మానేయడమూ వద్దు. మాత్ర వల్లే కదా బాగుంది!

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలన్నది తెలిసిందే. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది ఒళ్లు నొప్పుల మాత్రలు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ బీపీ పెంచుతాయి, రక్తస్రావం ముప్పునూ పెంచుతాయి. ముక్కు దిబ్బడకు వాడే కొన్ని జలుబు మందులూ బీపీని ఎగదోస్తాయి. రక్తం పలచబడే మందులు మొదలుపెట్టాలా వద్దా అన్నది న్యూరాలజిస్టే తేల్చాలి. రాత్రిళ్లు గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తుంటే అదీ చెప్పండి, ఎన్ని మందులు వేసినా బీపీ దిగకపోవడానికి అదొక కారణం.

180/120 దాటితే ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడండి. ఏ ఇబ్బందీ లేకుండా అలాగే ఉంటే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. బీపీ ఎంతున్నా సరే, హఠాత్తుగా తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మాట తడబడటం, మూతి వంకరపోవడం, మత్తుగా పడిపోవడం, కొత్తగా చెయ్యో కాలో బలహీనమవడం కనిపిస్తే మిషన్ పక్కన పెట్టి అంబులెన్స్ పిలవండి.

అవేవీ లేకుండా, సరిగ్గా కొలిచినా వారం పాటు సాయంత్రాలు 150 పైనే ఉంటే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అంకెలు రాసిన పుస్తకం డాక్టరుకు చూపించండి. మాకలా జరిగినప్పుడు మాత్ర వేళ మార్చి, ఇంకో మందు చిన్న డోసులో కలిపారు. కొన్నాళ్లకు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తంలోని లవణాలైన సోడియం, పొటాషియం పరీక్షలు రాశారు. మీకు రాయకపోతే మీరే అడగండి.