రక్తం కావాలని రాసేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

తలసేమియా అనే పుట్టు రక్తజబ్బు ఉన్న పిల్లల సంస్థలో ఫేస్‌బుక్, వాట్సాప్ పనులు నీకు అప్పగించారనీ, లైకులు వస్తున్నాయి గాని దాతలు రావడం లేదనీ రాశావు. లైకు కొట్టిన వేలు రక్తం ఇచ్చే చేయిగా మారాలంటే, ముందు మన సందేశం సరిగ్గా ఉండాలి.

ఒకసారి మేము ఒక బిడ్డ కోసం తేదీ వేయకుండా విన్నపం పంపాము. ఏడు నెలల తరువాత కూడా ఆ బిడ్డ తండ్రికి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అప్పటికి బిడ్డ లేదు. "ఇంకా రక్తం కావాలా అండీ?" అని అడిగిన ప్రతివారికీ ఆయన ఆ మాట చెప్పుకోవలసి వచ్చింది. అందుకే మొదటి వరుసలోనే తేదీ, గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ ఆసుపత్రి అన్నవి రాయి. ఫోన్ నంబరు సంస్థదే ఇవ్వు, కుటుంబానిది వద్దు. రక్తం అందగానే అదే పోస్టులో "అందింది" అని చేర్చు. చేతులు మారిపోయిన వాట్సాప్ సందేశాన్ని మనం వెనక్కి తీసుకోలేము, దాన్ని ఆపగలిగేది ఆ తేదీ ఒక్కటే.

తలసేమియా మేజర్, అంటే ఆ జబ్బులో తీవ్రమైన రకం, ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి కనుక, ప్రతిసారీ "అత్యవసరం" అని కేకవేస్తే నాలుగో కేకకు ఎవరూ తిరిగి చూడరు. పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు మళ్ళీ ఇవ్వవచ్చు. ఆ గడువు నిండిన రోజున పేరు పెట్టి పలకరిస్తూ ఒక్కొక్కరికీ విడిగా సందేశం పంపు. 2014లో ఐస్ బకెట్ ఛాలెంజ్ ద్వారా ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే అమెరికాలోని ఏఎల్ఎస్ అసోసియేషన్‌కు 11.5 కోట్ల డాలర్లు వచ్చాయంటే, నెత్తిన గుమ్మరించుకున్న చన్నీళ్ళకంటే, ప్రతివారూ మరికొందరిని పేరు పెట్టి పిలవడమే అందుకు ముఖ్య కారణమని నా అభిప్రాయం.

జూన్ 14న రక్తదాతల దినమని అందరూ పోస్టులు పెడతారు. మనకు కొరత వచ్చేది మాత్రం కాలేజీలకు సెలవులిచ్చే మే నెలలో. కాబట్టి మార్చిలోనే మొదలుపెట్టు.

"షుగర్ మందు వాడుతున్నాను, ఇవ్వవచ్చా?" అని కామెంటులో అడిగినవారికి ఆ రోజే జవాబివ్వు. వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలన్నంతవరకు నీవే చెప్పు. మందుల సంగతి బ్లడ్ బ్యాంకు డాక్టరుకు వదిలేయి.

పిల్లల ముఖాలు మాత్రం పెట్టకు. తల్లిదండ్రులు ఈ రోజు సరేనంటారు, పదిహేనేళ్ళ తరువాత ఆ ఫోటోతో బతకవలసింది ఆ పిల్ల. చేతి మీది ప్లాస్టరు పట్టీపై తాను పెన్నుతో గీసుకున్న పువ్వు చూపినా చాలు.

ఈ నెలలో గడువు నిండిన దాతల జాబితా పంపు. పాతవారు నాకు తెలిసినవారే కనుక, వారికి నేనే ఫోన్ చేస్తాను.