లాగిన్ పేజీ రావడానికి నిమిషంన్నర!

ప్రశ్న: విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. సిస్టమ్ ఆన్ చేశాక, ఇంటర్నెట్ కోసం బ్రౌజర్‌లో వచ్చే లాగిన్ పేజీ రావడానికి దాదాపు నిమిషంన్నర పడుతోంది. పేజీ వచ్చినా కాసేపు తెల్లగానే ఉంటుంది. సిస్టమ్స్‌ని నెట్‌వర్క్‌కి కలిపే సిస్కో స్విచ్ పాతబడిందని, కొత్తది కొనమని సప్లయర్ అంటున్నారు. కొనాలా?
- ఒక ల్యాబ్ అసిస్టెంట్

జవాబు: ఇప్పుడే కొనకండి. ముందు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. పొద్దున్నే ఖాళీ ల్యాబ్‌లో ఒకసారి, పిల్లలంతా కూర్చున్నాక ఇంకోసారి. రెండుసార్లూ అదే నిమిషంన్నర వస్తే స్విచ్‌కి లోడ్ ఎక్కువై కాదు, అది దేనికోసమో ఎదురుచూస్తోందన్నమాట.

నాకైతే డాట్ వన్ ఎక్స్ (802.1X) మీదే అనుమానం. ఎవరో తేల్చుకున్నాకే సిస్టమ్‌ని నెట్‌వర్క్‌లోకి రానిచ్చే పద్ధతి అది. స్విచ్‌లో కేబుల్ గుచ్చే పోర్ట్ మీద అది ఆన్‌లో ఉంటే, లింక్ రాగానే స్విచ్ ‘నువ్వెవరు?’ అని సిస్టమ్‌ని అడుగుతుంది. మీ సిస్టమ్స్‌లో ఆ సెట్టింగ్ లేకపోతే జవాబు రాదు. సిస్కో స్విచ్‌లలో మామూలుగా 30 సెకన్లు ఆగి మళ్లీ అడుగుతుంది, ఇంకో 30 ఆగి మరోసారి. మూడుసార్లకు 90 సెకన్లు. అప్పుడుగానీ వెబ్ లాగిన్‌కి దారి ఇవ్వదు. ఈలోపు ఐపీ అడ్రస్ కూడా దొరక్క కొన్ని సిస్టమ్స్ తమంతట తామే 169.254తో మొదలయ్యే అడ్రస్ పెట్టుకుంటాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో ipconfig అని కొడితే కనిపిస్తుంది.

ల్యాబ్‌లో ఎవరూ డాట్ వన్ ఎక్స్ వాడకపోతే ఆ పోర్టుల మీద తీసేయించండి. స్టాఫ్ వాడుతుంటే టీఎక్స్ పీరియడ్‌ని, అంటే మళ్లీ అడిగేముందు స్విచ్ ఆగే సమయాన్ని, 10 సెకన్లకి తగ్గిస్తే 90 కాస్తా 30 అవుతుంది. మరీ తగ్గించొద్దు. నెమ్మదిగా బూట్ అయ్యే స్టాఫ్ సిస్టమ్స్ కూడా వెబ్ లాగిన్‌లోకి పోతాయి. ముందు ఒక్క పోర్ట్ మీద మార్చి చూడండి.

తెల్ల పేజీ సంగతి వేరు. లాగిన్ అవ్వకముందు డీఎన్‌ఎస్‌కి, అంటే సైట్ పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే సర్వీసుకి, అనుమతి ఉందా చూడండి. పేరుకి అడ్రస్ దొరక్కపోతే బ్రౌజర్ అక్కడే ఆగిపోతుంది. ఆ పేజీ డిజైన్ చేసినవాళ్లు ఫాంట్లు, లోగోలు బయటి సైట్ల నుంచి తెప్పిస్తున్నారేమో కూడా చూడండి. లాగిన్ కాకుండా బయటికి దారి లేదు కదా, పేజీ వాటికోసం కూర్చుంటుంది. అవన్నీ లాగిన్ సర్వర్‌లోనే పెట్టించండి.

బ్రౌజర్ హోమ్ పేజీ హెచ్‌టీటీపీఎస్ సైట్ అయినా చిక్కే. లాగిన్ పేజీకి మళ్లించడానికి స్విచ్ ఆ సైట్ బదులు తానే జవాబిస్తుంది. ‘అసలు సైట్ నేనే’ అని రుజువు చేసే ఆ సైట్ సర్టిఫికెట్ స్విచ్ దగ్గర ఉండదు కాబట్టి బ్రౌజర్ హెచ్చరిక చూపిస్తుంది, లేదా పేజీ తెరవనే తెరవదు. హోమ్ పేజీగా లాగిన్ పేజీ అడ్రస్‌నే పెట్టేయండి. బొబ్బిలి నుంచో, గజపతినగరం నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చే పిల్లలకి ల్యాబ్ టైమే కొంచెం. అది ఈ తిప్పలకే పోకూడదు.

ఖాళీగా ఉన్నప్పుడు బాగుండి, ల్యాబ్ నిండాకే ఆలస్యం పెరిగితే అప్పుడు స్విచ్ సీపీయూ వాడకం చూడాలి. రీడైరెక్షన్ (లాగిన్ పేజీకి మళ్లించే) పని చాలావరకు దాని మీదే పడుతుంది. హెచ్‌టీటీపీఎస్ రీడైరెక్షన్ ఆన్‌లో ఉంటే ఆపేసి మళ్లీ టైమ్ చూడండి. అప్పటికీ తగ్గకపోతేనే కొత్త స్విచ్ మాట.