రీకాల్ మరమ్మతుకు వారంటీ గడువుతో సంబంధం లేదు

మీరు సెకండ్ హ్యాండ్‌లో కొన్న బైక్ మోడల్‌ను ముందు బ్రేక్ మాస్టర్ సిలిండర్ (లీవర్ నొక్కినప్పుడు బ్రేక్ ఫ్లూయిడ్‌ను చక్రం వైపు తోసే భాగం) లోపం వల్ల కంపెనీ రీకాల్ చేసిందని (సరిచేయడానికి వెనక్కి పిలిచిందని) ఈమధ్యే తెలిసిందనీ, సర్వీస్ సెంటర్‌వారు మాత్రం వారంటీ అయిపోయింది కాబట్టి డబ్బు కట్టాలంటున్నారనీ రాశారు. దయచేసి కట్టకండి. వారంటీ అమ్మకంతో వచ్చే హామీ, దానికి గడువుంటుంది. రీకాల్ అలాంటిది కాదు. ప్రాణాల మీదకు తెచ్చే లోపంతో బండి తయారైంది కాబట్టి దాన్ని సరిచేసే బాధ్యత తయారీదారుదే, బండి చేతులు మారినంత మాత్రాన అది తీరిపోదు.

నాదీ సెకండ్ హ్యాండ్ బండే, లోపమూ దాదాపు ఇదే. రీకాల్ ఉత్తరం మొదటి యజమాని చిరునామాకు వెళ్లడంతో నా దాకా రాలేదు. సర్వీస్ కౌంటర్‌లో మోడల్ పేరు చెప్పి అడిగితే ఏమీ లేదన్నారు. చాసిస్ నంబరు కాగితం మీద రాసిచ్చి, దీని మీద రీకాల్ పెండింగ్ ఉందేమో చూడమన్నప్పుడు అదే ఉద్యోగి కంప్యూటర్‌లో చూసి, ఉందని చెప్పారు. రీకాల్ చాలాసార్లు మోడల్ మొత్తానికి కాక, ఫలానా నెలల్లో తయారైన బండ్లకే వర్తిస్తుంది. 2021లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ లోపంతో 2,36,966 బండ్లను వెనక్కి పిలిచినప్పుడు, అవి 2020 డిసెంబరుకూ 2021 ఏప్రిల్‌కూ మధ్య తయారైన మీటియర్, క్లాసిక్, బుల్లెట్ బండ్లు మాత్రమే. అందుకే చాసిస్ నంబరుతోనే అడగాలి. ఆ నంబరులో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు వాడరు కనుక, గుండ్రంగా కనిపించేది సున్నా అనే రాసుకోండి.

జాబ్ కార్డు, అంటే బండికి చేయాల్సిన పనులను సర్వీస్ సెంటర్‌వారు రాసుకునే కాగితం విషయంలో మాత్రం మొహమాటపడవద్దు. "బ్రేక్ చెక్" అని రెండు ముక్కల్లో తేల్చేస్తే రేపు ఏమీ రుజువు చేయలేరు. బ్రేక్ లీవర్ మెత్తగా ఉండి గ్రిప్ దాకా వచ్చేస్తోందనీ, ఇది రీకాల్ పని అనీ స్పష్టంగా రాయించి, నకలు తీసుకోండి. వీలైతే పని జరిగేటప్పుడు దగ్గరే ఉండండి. కొత్త మాస్టర్ సిలిండర్ బిగించాక, చక్రం దగ్గర డిస్కును పట్టి ఆపే కాలిపర్ మీది, గాలి బయటికి వదిలే నిపుల్‌కు తగిలించిన పారదర్శకమైన గొట్టంలో మొదట బుడగలతో కలిసి ఫ్లూయిడ్ వస్తుంది. బుడగలు పూర్తిగా ఆగి, లీవర్ గట్టిపడేవరకు గాలి తీయాలి. నా బండికి ఆ పని తొందరగా ముగించబోతుంటే ఇంకా బుడగలు వస్తున్నాయని చూపించాను, మెకానిక్ మారుమాట లేకుండా కొనసాగించారు. ట్యాంకు మీద ఫ్లూయిడ్ పడితే రంగు చెడుతుంది, వెంటనే నీళ్లతో కడిగించండి.

విడిభాగం ఇంకా రాలేదంటే ఎప్పటికి వస్తుందో రాతపూర్వకంగా అడగండి. అప్పటిదాకా బండి నడపవద్దు. ముందు చక్రం బ్రేకు సంగతి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

చట్టాలు దేశానికో తీరుగా ఉన్నాయి. అమెరికాలో మొదటి అమ్మకం నాటి నుంచి 15 ఏళ్లలోపు రీకాల్ అయిన బండికి మరమ్మతు ఉచితం. అక్కడ చాసిస్ నంబరు కొట్టి చూసుకునే సదుపాయం రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లోనే ఉంది. భారతదేశంలో 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 110ఏ సెక్షను, లోపమున్న వాహనాలను వెనక్కి పిలవమని తయారీదారును ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. సర్వీస్ సెంటర్ ఇంకా డబ్బే అడిగితే వారితో వాదన పెంచుకోకుండా, చాసిస్ నంబరు, జాబ్ కార్డు నకలు జతచేసి నేరుగా తయారీ కంపెనీకే ఈమెయిల్ పంపండి. యజమానిగా మీ పేరు, చిరునామా నమోదు చేయమని కూడా అందులోనే కోరితే, తర్వాతి రీకాల్ ఉత్తరం మీకే వస్తుంది.