అత్తగారి వీసా రాలేదు, వచ్చే నెలే డెలివరీ

"మా అత్తగారికి వీసా అపాయింట్‌మెంట్ దొరకలేదు. అమ్మ మోకాళ్ల నొప్పులతో ఇంత దూరం రాలేనంటోంది. వచ్చే నెలే డెలివరీ. మేమిద్దరమే ఎలా నెట్టుకురావాలి?" అమెరికాలో డాలస్‌కు కొత్తగా వచ్చిన మన కుర్రాళ్లలో ఎవరో ఒకరు ఏటా అడిగే ప్రశ్న ఇది.

నెట్టుకురాగలరు. మన దగ్గర తొలికాన్పు పుట్టింట్లో జరుగుతుంది. అల్లుడు పురుటికో, బారసాలకో వెళ్లి బిడ్డను చూసుకుని వస్తాడు. ఇక్కడ ఆ పుట్టింటివాళ్లు చేసే పనంతా తండ్రి చేతుల మీదే నడవాలి. భార్యకు కాస్త సాయం చేద్దాం అనుకుంటే చాలదు. పాలివ్వడం ఒక్కటే ఆమె పని, మిగతాదంతా నాదే అనుకుని మొదలుపెట్టండి.

ముందు సెలవు సంగతి తేల్చుకోండి. ఎఫ్‌ఎంఎల్‌ఏ అనే 1993 నాటి చట్టం కింద తండ్రికి కూడా 12 వారాల సెలవు ఉంటుంది, జీతం మాత్రం రాదు. కంపెనీలో 50 మందికి తగ్గకుండా ఉద్యోగులుండాలి, మీరు చేరి ఏడాది దాటాలి, సెలవుకు ముందు ఏడాదిలో 1,250 గంటలు పనిచేసి ఉండాలి. చిన్న కన్సల్టెన్సీల్లో ఉన్నవాళ్లకు ఇది వర్తించకపోవచ్చు, ముందే హెచ్‌ఆర్‌ను అడగండి. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో రాష్ట్రమే కొంత జీతం ఇచ్చే పథకం ఉంది, మా టెక్సస్‌లో లేదు. హెచ్‌1బి వర్క్ వీసా మీద ఉన్నాం, సెలవు పెడితే స్టేటస్ పోతుందేమో అని చాలామంది టెన్షన్ పడతారు. ఉద్యోగంలో కొనసాగుతూ, కంపెనీ ఒప్పుకుని ఇచ్చిన సెలవైతే ఆ భయం అక్కర్లేదు.

కారు సీటు నెల ముందే బిగించి పెట్టుకోండి. బిడ్డ ముఖం కారు వెనక వైపుకు ఉండాలి. ఛాతీ మీది క్లిప్ చంకల ఎత్తులో ఉండాలి. భుజం దగ్గర బెల్టును రెండు వేళ్లతో పట్టి చూస్తే మడత పడకూడదు. చలికాలమని లావు కోటు తొడిగి బెల్టు పెట్టొద్దు, బెల్టు పెట్టాక పైన దుప్పటి కప్పండి.

మామూలు కాన్పైతే 48 గంటలు, సిజేరియనైతే 96 గంటలు ఆస్పత్రిలో ఉండే ఖర్చును సాధారణంగా ఇన్సూరెన్స్ భరించాలని 1996 నుంచి చట్టం ఉంది. ఆ రెండు మూడు రోజులూ సోఫాలో ఫోన్ చూస్తూ గడపకండి. డైపర్ మార్చడం, గుడ్డలో చుట్టడం, తేన్పు తీయించడం నర్సు దగ్గర కూర్చుని మీ చేత్తో నేర్చుకోండి.

మనవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడేది పేరు దగ్గర. డిశ్చార్జికి ముందే బర్త్ సర్టిఫికెట్ ఫారం చేతికిస్తారు. బారసాల దాకా ఆగి తర్వాత మార్పిద్దామంటే సోషల్ సెక్యూరిటీ కార్డు, పాస్‌పోర్టు అన్నీ వెనకబడతాయి. కాగితం మీది పేరు ముందే ఖాయం చేసుకోండి, నక్షత్రం పేరు బారసాల నాడు బియ్యంలో రాసుకోవచ్చు. ఇంటిపేరు స్పెల్లింగ్ మీ పాస్‌పోర్టుతో సరిచూసుకోండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ లేక, వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడినవాళ్లు బిడ్డ ఫారంలో ఏ గడిలో ఏం రాయాలో ఇంట్లోనే కాగితం మీద రాసి చూసుకోండి. పంతులుగారికి పుట్టిన సమయం చెప్పేటప్పుడు ఇక్కడి టైమే చెప్పి, ఊరు పేరు, డేలైట్ సేవింగ్ (గడియారం గంట ముందుకు జరపడం) ఉందో లేదో కూడా చెప్పండి.

ఇంటికొచ్చాక రాత్రులు కష్టం. బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. బిడ్డ కదలగానే మీరే లేచి డైపర్ మార్చి తల్లి చేతికివ్వండి. తాగాక మీరే భుజాన వేసుకుని, గడ్డం భుజానికి ఆనేలా పట్టుకుని, వీపు మీద మెల్లగా తట్టండి. తేన్పు వచ్చాక వెల్లకిలా, గట్టి పరుపున్న తొట్టిలో, దిండూ దుప్పటీ లేకుండా పడుకోబెట్టండి. తల్లి మళ్లీ నిద్రపోవడానికి దొరికే గంట అదే.

ఎన్నిసార్లు తడిపిందో ఒక కాగితం మీద రాయండి. అయిదో రోజు దాటాక రోజుకు ఆరు తడి డైపర్లు కనబడితే పాలు అందుతున్నట్టే. మొదట్లో బరువు కాస్త తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా మళ్లీ పుంజుకోవాలి. పచ్చకామెర్లు మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్య ఎక్కువగా కనిపిస్తాయి. కిటికీ దగ్గర ఎండ చూపిస్తే పోతుందిలే అని ఊరుకోవద్దు, డాక్టరుకు చూపించండి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం కనబడిందా, అర్ధరాత్రైనా సరే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి, ఎమర్జెన్సీకి వెళ్లాలి. టైలెనాల్ లాంటి జ్వరం మందు మీ అంతట మీరు వేయకండి.

వీడియో కాల్‌లో పెద్దవాళ్లు ప్రేమతోనే చాలా చెబుతారు. వాళ్లకు జవాబు చెప్పాల్సింది మీరు, భార్య మీదకు నెట్టొద్దు. కాటుకలో సీసం ఉండొచ్చని ఇక్కడి డాక్టర్లు వద్దంటారు, దిష్టికి అరికాలికి పెడదామన్నా బిడ్డ చేయి, నోరు అక్కడికి చేరతాయి. ఏడాది నిండేదాకా తేనె వద్దు. వస వద్దు, 1968లోనే అమెరికాలో దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించారు. సాంబ్రాణి పొగ ఆ లేత ఊపిరితిత్తులకు మంచిది కాదు. బొడ్డు రాలేదాకా తడిగుడ్డతో తుడవడమే స్నానం. నూనె రాయడం, లాలి పాడటం లాంటివి డాక్టరు కాదనరు, అవి మానొద్దు.

బాలింతకు బీరకాయ, పొట్లకాయ, వెల్లుల్లి కారం, కందిపొడి వండిపెట్టడం మీకు రాకపోతే ఇప్పుడే నేర్చుకోండి. నీళ్లు తక్కువ తాగాలనే మాట మాత్రం వినొద్దు, పాలిచ్చే తల్లికి నీళ్లు కావాలి. గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం పోయినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

బిడ్డను ఇన్సూరెన్స్‌లో చేర్చే గడువు ఆఫీసు ప్లాన్లలో సాధారణంగా 30 రోజులు. అది దాటితే బిల్లు మీ నెత్తిన పడుతుంది, మొదటి వారంలోనే ముగించండి. పాస్‌పోర్టుకు మీరిద్దరూ బిడ్డతో కలిసి వెళ్లాలి.

భార్య ఊరికే ఏడుస్తుంటే మొదటి రెండు వారాలు దగ్గరుండి ఓర్చుకోండి. ఆ తర్వాత కూడా తగ్గకపోయినా, బిడ్డను చూస్తే భయంగా ఉందన్నా ఆరు వారాల చెకప్ దాకా ఆగకండి. ఆమె డాక్టరుకు మీరే ఫోన్ చేయండి. తల్లుల కోసం ఉన్న 1-833-852-6262 జాతీయ హెల్ప్‌లైన్‌లో రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడతారు. ఆమె తనను తాను ఏమైనా చేసుకుంటానన్నా, బిడ్డకు ఏదైనా చేస్తానేమోనన్నా ఒక్క నిమిషం ఒంటరిగా వదలకుండా ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయండి.