తోటి పిల్లలు ఏడిపించే అబ్బాయిని బయట ఏదైనా పనిలో పెట్టడం మంచిదేనా?

పదమూడేళ్ల మీ అబ్బాయిని క్లాసులో ఏడిపిస్తున్నారని, స్కూలు నుంచి రాగానే గదిలో దూరి తలుపేసుకుంటున్నాడని రాశారు. దగ్గర్లో ఏదైనా సేవా పనిలో చేర్పిస్తే మళ్లీ మామూలు మనిషవుతాడా అని అడిగారు. అవుతాడనే నా నమ్మకం. కాకపోతే అది రెండో పని. ముందు స్కూల్లో జరుగుతున్నది ఆగాలి.

నాకు నత్తి. ఏడో తరగతిలో నా హాజరు నంబరు 23. పిలుపు ఇరవై దగ్గరికి వచ్చేసరికే అరచేతులకు చెమటలు పట్టేవి. నేను "ప్ర... ప్ర..." అని తంటాలు పడుతుంటే వెనక బెంచీలోంచి నలుగురు నాలాగే నత్తిగా, కోరస్‌గా "ప్రెజెంట్ సార్" అనేవాళ్లు. ఒకసారి సారు కూడా నవ్వేశారు. ఆ మర్నాటి నుంచి నాకు పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. నాన్నకు చెబితే "పట్టించుకోకు, వాళ్లే ఊరుకుంటారు" అన్నారు. ఊరుకోలేదు.

ఆ నలుగురి కంటే, తల దించుకుని కూర్చున్న మిగతా ముప్పై మందే నాకు ఎక్కువ గుర్తు. కెనడా పరిశోధకులు స్కూలు ఆవరణల్లో వీడియోలు తీసి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎవరినైనా ఏడిపిస్తుంటే తోటి పిల్లలు అడ్డుపడింది దాదాపు ఐదింట ఒక వంతు సార్లే. అడ్డుపడినప్పుడు మాత్రం సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోపే గొడవ ఆగింది. అందుకే టీచరును కలిసినప్పుడు ఏడిపించేవాళ్ల పేర్లతో పాటు, మీవాడి పక్కన నిలబడగల ఒకరిద్దరి పేర్లూ చెప్పండి. ఏ రోజు ఏం జరిగిందో రాసుకుని వెళ్లండి. మీవాణ్ణీ, ఏడిపించేవాళ్లనూ కూర్చోబెట్టి రాజీ చేస్తామంటే ఒప్పుకోకండి. బలం ఒకవైపే ఉన్నచోట రాజీ అంటే మీవాడు మళ్లీ తగ్గడమే. తిండి, నిద్ర మానేసినా, చావు మాట ఎత్తినా ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక బయటి పని సంగతి. పద్నాలుగో ఏట అమ్మ నన్ను ఆదివారాలు లైబ్రరీలో పనికి పెట్టింది. వెనక్కి వచ్చిన పుస్తకాలను నంబర్ల ప్రకారం అలమరల్లో సర్దాలి. నోరు విప్పక్కర్లేదు. నా క్లాసువాళ్లెవరూ అటు రారు, నా వెక్కిరింపు పేరు అక్కడెవరికీ తెలియదు. అమ్మ మాత్రం మొదటిరోజే నా ముందే "వీడికి నత్తి, కాస్త చూసుకోండి" అంది. మీరు ఆ పని అస్సలు చేయకండి.

రెండు నెలలకు చిన్నపిల్లలకు కథలు చదివే ఆవిడ రాలేదు, నన్ను కూర్చోబెట్టారు. మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. కథ ముందే తెలిసిన పిల్లలు ఆ వాక్యాన్ని గట్టిగా అందుకున్నారు. వాళ్లతో గొంతు కలిపాను, మాట తడబడలేదు. కలిసి చదివితే నత్తి చాలామందికి తగ్గుతుందని తర్వాతెప్పుడో తెలిసింది.

మొక్కలో, ఆటలో, పుస్తకాలో, పని మీవాడినే ఎంచుకోనివ్వండి. వారానికి ఒక పూట చాలు. అక్కడ ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లయినా ఉంటారో లేదో చూసుకోండి. వాడు రాకపోతే ఆగిపోయే పని ఒకటి, ఎంత చిన్నదైనా సరే, వాడి చేతికి ఇవ్వమనండి. తిరిగొచ్చాక గుచ్చిగుచ్చి అడగకండి. అమ్మ ప్రతి ఆదివారం అడిగేది, నేను "బానే ఉంది" అనేవాణ్ణి. లైబ్రరీలో పిల్లల గది తాళంచెవి నాకిచ్చిన రోజు మాత్రం చెప్పులు విప్పకముందే చెప్పాను.