లాబ్రడార్ ఉన్న ఇంటికి ఏ ఫ్లోరింగ్ వేయించాలి?

ప్రశ్న: అక్కా, మాది కరీంనగర్. మూడేళ్ల కింద అమెరికా వచ్చాం. ఇప్పుడు ఒహాయోలో కొలంబస్ దగ్గర ఇల్లు కొన్నాం. పాత కార్పెట్ అంతా తీసేసి కొత్త ఫ్లోరింగ్ వేయించాలని ఉంది. మా దగ్గర నాలుగేళ్ల లాబ్రడార్ ఉంది. ఎండాకాలం అత్తమ్మ, మామయ్య వస్తున్నారు. షాపులో అందరూ వినైల్ ప్లాంక్, అంటే చెక్కలా కనిపించే ప్లాస్టిక్ పలకలు, వేయించుకోమంటున్నారు. ఏది మంచిది?

జవాబు: చెల్లె, నీ ప్రశ్న హన్మకొండలో మా అమ్మ వాళ్లింట్లో కూర్చుని చదివాను. సెలవులకు వచ్చాను. నయీంనగర్‌లో బాపు కట్టించిన పాత ఇల్లు ఇది. వసారాలో పాలిష్ పట్టని తాండూరు బండలు. ఒక ముసలి వీధికుక్క రోజూ మధ్యాహ్నం వాటి మీదే పడుకుంటుంది. నడక కుంటిదే అయినా, అమ్మ అన్నం గిన్నె చప్పుడు వినిపిస్తే ఒక్క ఊపున లేస్తుంది. లోపల హాల్లో మాత్రం తమ్ముడు వేయించిన తెల్లటి విట్రిఫైడ్ టైల్స్. మొన్న పెద్దవాన పడుతుంటే ఆ కుక్క లోపలికి వచ్చింది. గడప దాటి రెండడుగులు వేసిందో లేదో, వెనక కాళ్లు చెరోవైపు జారిపోయాయి. గోళ్లన్నీ చాపి, పొట్ట నేలకు ఆనించి, అట్లాగే బిగుసుకుపోయింది. అమ్మ గోనెసంచి పరిస్తే పాక్కుంటూ దాని మీదికి వచ్చి, అప్పుడు లేచి నిలబడింది.

నువ్వు ఎంచుకోవాల్సింది ఆ గోనెసంచి ఇచ్చిన పట్టును. షాపులో 'పెట్ ఫ్రెండ్లీ' అని రాసి ఉంటే గీతలు పడవని, మూత్రం పోసినా పాడవదని అర్థం. అది నేలకు మంచిది. కుక్క కాలికి మంచిదో కాదో ఆ మాటలో లేదు. కుక్కకు పట్టు ఇచ్చేది అరికాలి మెత్తలు. మట్టిలో, గడ్డిలో గోళ్లు కూడా దిగబడి సాయం చేస్తాయి. గట్టిగా, నున్నగా ఉన్న నేలలో గోళ్లు దిగవు. భయపడ్డకొద్దీ కుక్క గోళ్లను ఇంకా నొక్కిపెడుతుంది, మెత్తలు నేలకు సరిగా ఆనవు, ఇంకా జారుతుంది.

ఇది నాకు మా కుక్క మోకాలు పోయాక తెలిసింది. ఇల్లు కొత్తలో మెరిసే లామినేట్ వేయించాం, అంటే చెక్కపొడిని నొక్కి చేసిన పలకల నేల. కాలింగ్ బెల్ మోగినప్పుడల్లా మా గోల్డెన్ రిట్రీవర్ పరుగెత్తి మూల దగ్గర జారేది. పిల్లలు నవ్వేవాళ్లు, మేమూ పట్టించుకోలేదు. ఒకరోజు వెనక కాలు ఎత్తిపట్టుకుని నిలబడిపోయింది. మోకాలి లిగమెంట్ తెగింది. కుక్కల్లో ఆ లిగమెంట్ చాలావరకు మెల్లమెల్లగా బలహీనపడుతూ వస్తుందని, జారడం చివరి దెబ్బ అవుతుందని డాక్టర్ చెప్పారు. ఎముక కోసి ప్లేటు వేశారు. వేల డాలర్ల ఖర్చు ఒకెత్తు. రెండు నెలలకు పైగా దాన్ని పరుగెత్తనీయకుండా, మెట్లెక్కనీయకుండా కాపలా కాయడం మరొకెత్తు. లాబ్రడార్లకూ మోకాళ్ల బాధలు, తుంటి కీళ్ల బాధలు ఎక్కువే. నీది ఇప్పుడు నాలుగేళ్ల పిల్ల, ఎక్కడైనా పరుగెడుతుంది. నేల మాత్రం దాని ముసలితనం దాకా ఉంటుంది. ఆ వయసును చూసి ఎంచుకో.

వినైల్ ప్లాంక్ తప్పు కాదు, నీళ్లకు తట్టుకుంటుంది. అయితే అందులో చెక్కగీతలు చేతికి తగిలే రకం తీసుకో. వేలిగోరుతో అడ్డంగా గీస్తే టకటక తగలాలి. మెరుపు లేనిది అయితే చాలు అనుకోకు, మ్యాట్‌గా కనిపిస్తూ నున్నగా ఉండేవి కూడా ఉన్నాయి. పై పొర 20 మిల్స్, అంటే అర మిల్లీమీటరు ఉంటే గీతలకు బాగా ఆగుతుంది. కానీ ఆ అంకె అరుగుదల గురించే, జారుడు గురించి కాదు. చెక్క నేల బేరాల్లోనూ అంతే. రెడ్ ఓక్ చెక్కకు 1290, హికరీ చెక్కకు 1820 అని జాంకా అంకెలు చెబుతారు. అవి చెక్క గట్టిదనం మాత్రమే. లామినేట్ జోలికి నేను మళ్లీ వెళ్లను. సందుల్లోంచి మూత్రం దిగితే చాలా రకాల్లో లోపలి పొర ఉబ్బిపోతుంది.

టైల్స్ అయితే డీసీఓఎఫ్ అనే అంకె అడుగు, నేల కాలికి ఎంత పట్టు ఇస్తుందో చెప్పేది అది. అక్కడి ప్రమాణం ప్రకారం తడి అయ్యే లోపలి నేలలకు అది 0.42కు తగ్గకూడదు. ఆ పరీక్షను మనుషుల నడకను దృష్టిలో పెట్టుకుని చేస్తారు, కుక్క గోళ్లకు అది హామీ కాదు. అయినా అత్తమ్మ, మామయ్య వాడే బాత్రూమ్‌కు ఆ అంకె తప్పకుండా చూడు. అక్కడ చిన్న టైల్స్ వేయిస్తే సందులు ఎక్కువ, కాలికి పట్టూ ఎక్కువ. మన కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ ఆ దేశంలోనూ దొరుకుతుంది. చూడగానే ప్రాణం లేచివస్తుంది, తెలుసు. వంటింటి గట్టు మీద వేయించుకో. పాలిష్ పట్టింది నేలకు వద్దు.

మెట్ల మీద కార్పెట్ మాత్రం తీయించకు. నన్ను అడిగిన వాళ్లందరికీ గట్టిగా చెప్పే మాట ఇదే. కాంట్రాక్టరు మొత్తం ఒకే రంగులో ఉంటే అందంగా ఉంటుందంటాడు. దిగేటప్పుడు జారితే కుక్కకూ దెబ్బే, మేజోళ్లతో దిగే మామయ్యకూ దెబ్బే. కార్పెట్ పాతబడితే కొత్తది వేయించు.

మిగతా ఇంట్లో కుక్క తిరిగే దారి చూసుకో: పడక, నీళ్ల గిన్నె, వెనక తలుపు. ఆ దారి పొడవునా పొడుగాటి రన్నర్లు, అంటే సన్నటి తివాచీలు, పరిస్తే సగం సమస్య తీరుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఇదొక్కటే మార్గం, నేలకు గమ్ అంటించకుండా వేసుకోవచ్చు. ఒక జాగ్రత్త: రబ్బరు అడుగున్న మ్యాట్లు వినైల్ మీద పసుపు మరకలు వేస్తాయి, అవి పోవు. వినైల్‌కు సరిపడే ప్యాడ్ అని రాసి ఉన్నదే కొను. చలికాలం మంచులోంచి తడి కాళ్లతో వస్తుంది కాబట్టి వెనక తలుపు దగ్గర పెద్ద మ్యాట్ ఉండాలి. పాదాల మెత్తల మధ్య పెరిగే వెంట్రుకలు కత్తిరించు. నడుస్తుంటే గోళ్ల చప్పుడు వినిపిస్తోందంటే గోళ్లు పెరిగాయని లెక్క. నేల తళతళలాడే పాలిష్ ద్రవాలు వాడకు.

డబ్బు కట్టకముందే ఒక పని చెయ్యి. షాపు నుంచి ఒకే రకం ప్లాంకులు, కుక్క మొత్తం పట్టేన్ని, తెచ్చి వంటింట్లో పక్కపక్కన కదలకుండా పరుచు. చెయ్యి తడిపి పైన ఒకసారి తుడువు. కుక్కను దాని మీద పడుకోబెట్టి, తినేదేదో చూపించి లేపు. నడక ఏ నేల మీదైనా బాగానే కనిపిస్తుంది. లేచేటప్పుడు వెనక కాళ్లు పక్కకు జరుగుతున్నాయా లేదా అన్నది చూడు. జరిగితే ఎంత నచ్చిన రంగైనా సరే, తిరిగి ఇచ్చెయ్.