కాగితం కప్ప గెంతితే కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. కాగితం దొరికితే చాలు, కొంగో కప్పో చేస్తుంది. చదువు పాడవుతోందని అవన్నీ చెత్తబుట్టలో పడేశాను. ఇప్పుడు యానిమేషన్ సినిమాలు తీస్తానంటోంది. ఇంజినీరింగా, ప్రైవేటు యానిమేషన్ డిప్లొమానా?
– ఓ తండ్రి, కావలి

జవాబు: కోర్సుల గురించి అడిగారు గానీ, మీ బెంగంతా ‘రేపు ఇది అన్నం పెడుతుందా’ అనే. కాగితం బొమ్మను కొద్దికొద్దిగా జరుపుతూ, జరిపిన ప్రతిసారీ ఒక ఫొటో తీసి, వాటిని వరసగా ఆడించే పది సెకన్ల సినిమా తీయించండి, పిల్ల ఓపిక ఏపాటిదో మీకే తెలుస్తుంది. సెకనుకు 12 ఫొటోల చొప్పున 120 కావాలి. 75 జీఎస్‌ఎం జెరాక్స్ కాగితంతో చేసిన కప్ప చాలు. ఫోన్ స్టాండుకు బిగించి కెమెరాలో ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) మారకుండా లాక్ చేయాలి. లేదంటే ఫొటోఫొటోకీ వెలుగు మారి దృశ్యం మిణుకుమంటుంది. కిటికీలు మూసి లైట్లతోనే తీయాలి, ఫ్యాన్ ఆపాలి. తెల్ల చొక్కా వద్దు, దాని వెలుగు కాగితం మీద పడుతుంది.

మడత దానంతటదే విచ్చుకోవడం కాగితంతో పెద్ద తలనొప్పి. లోపల సన్న తీగ, కాళ్ల కింద డబుల్ సైడ్ టేపు పెడితే నిలుస్తుంది. పదేపదే కదిపిన మడత దగ్గర చిరుగుతుంది కాబట్టి అదే కప్పను మూడు నాలుగు చేసుకోవాలి. మీ ఊరి సముద్రపు గాలికి కాగితం రాత్రికి రాత్రే మెత్తబడుతుంది. మొదలెట్టిన షాట్ ఆ పూటే ముగించాలి.

గెంతే ముందు కప్ప రెండు మూడు ఫొటోలపాటు కిందికి అణగాలి. పైకి లేచేకొద్దీ ఫొటోల మధ్య దూరం తగ్గుతూ, దిగేటప్పుడు పెరుగుతూ రావాలి. సమానంగా జరిపితే దారం కట్టి లాగినట్టుంటుంది. మీరు చదవమంటున్న ఫిజిక్సే ఇది!

ప్రైవేటు డిప్లొమాల మీద నాకు నమ్మకం తక్కువ. చాలాచోట్ల నేర్పేది సాఫ్ట్‌వేర్ మీటలు. అవి మారిపోతుంటాయి, చిన్నాచితకా పనులు ఏఐ చేతికి పోతున్నాయి. బొమ్మకు బరువుందనిపించేలా కదిలించడం నేర్పుతున్నారా? గత బ్యాచ్ పిల్లలు తీసిన సినిమాలు చూపమనండి. ప్లేస్‌మెంట్ బ్రోచర్ చేతిలో పెడితే లేచి వచ్చేయండి.

అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ డిగ్రీ ఉంది, ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) యానిమేషన్ ఉంది గానీ, స్థానికేతరుల నిబంధనలు ముందే చూసుకోండి. ఇంజినీరింగ్‌లో చేర్చినా దారి మూసుకుపోదు, బీటెక్ తర్వాత సీడ్ అనే డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీ బాంబేలో ఎండిజైన్ (డిజైన్ పీజీ) యానిమేషన్‌కు వెళ్లొచ్చు. ఇష్టం లేని బ్రాంచిలో బ్యాక్‌లాగ్‌లు మోయించకండి, అంతే.

ఇక ఆ చెత్తబుట్ట సంగతి. తప్పు చేశారు. ఎన్‌ఐడీ ప్రవేశ పరీక్ష రెండో దశ అయిన మెయిన్స్‌లో, స్టూడియో టెస్టులో ఇచ్చిన సామగ్రితో చేత్తో నమూనా చేయిస్తారు. మీ అమ్మాయి ఇన్నాళ్లూ ఇంట్లో చేసింది ఆ సాధనే. ఒక రిమ్ము కాగితం మీరే కొని తెచ్చివ్వండి.